ఇంటిలో పేలిన తుపాకి: బాధ్యత ఎవరిది?

తెలుగులో మనం నిత్యం వాడే 'ప్రమాదము' అనే మాటకు ఒక చరిత్ర ఉన్నది. సంస్కృతంలో దాని అర్థము ఏమరుపాటు, అజాగ్రత్త. తెలుగులోనికి వచ్చి స్థిరపడిన తరువాత అది క్రమంగా ఆపద అనే అర్థాన్ని, ఎవరి తప్పూ లేకుండా వచ్చిపడే దుర్ఘటన అనే అర్థాన్ని సంతరించుకొన్నది. ఉర్దూలో ఈ రెండింటికీ రెండు మాటలున్నాయి. జరిగిపోయినది హాదిసా, దాని వెనుకనున్న ఏమరుపాటు గఫ్లత్. మన తెలుగు మాట ఒక్కటే రెండు బరువులనూ మోయుచున్నందువలన, ఇంటిలో తుపాకి పేలి ఒక ప్రాణం పోయినప్పుడు 'ప్రమాదవశాత్తు' అని పత్రికలలో చదివి, విధి అని నిట్టూర్చి, పుట త్రిప్పివేస్తాము. గఫ్లత్ ఎవరిది అనే ప్రశ్న ఆ మాట చాటున దాగిపోతుంది. ఆ ప్రశ్ననే ఈ వ్యాసంలో విచారింపదలచినాము.

మన ఇండ్లలో తుపాకులెక్కడివి అని విద్యార్థులు అడుగవచ్చును. మన దేశంలో తుపాకి అంగడిలో కొనుక్కొని తెచ్చుకొనే వస్తువు కాదన్నది నిజమే. అయినను మనం అనుకొన్నంత దూరంలో అది లేదు. సైన్యం నుండి పదవీవిరమణ చేసి బ్యాంకుల వద్ద, ఏ.టి.ఎం.ల వద్ద కాపలా కాచే మాజీ సైనికుల డబుల్ బ్యారెల్ తుపాకి రాత్రి డ్యూటీ ముగియగానే వారి ఇంటికే చేరుతుంది. అడవి అంచు పల్లెలలో పందుల బెడద పేరిట నాటు తుపాకులు చూరులో దాగి ఉంటాయి. తాతల నాటి లైసెన్సుతో వచ్చిన తుపాకిని గోడకు తగిలించి గర్వించే ఇండ్లు ఇప్పటికీ ఉన్నాయి. 2024 అక్టోబరు 1న ప్రసిద్ధ హిందీ నటుడు గోవిందా బొంబాయిలోని తన ఇంటిలో, లైసెన్సు ఉన్న తన రివాల్వరే పేలి కాలికి గాయమై ఆసుపత్రి పాలైనాడు. అదే సంవత్సరం నవంబరులో అమెరికాలో చదువుకొనుచున్న తెలంగాణ విద్యార్థి ఒకడు తన తుపాకిని శుభ్రపరచుచుండగా అది పేలి మరణించిన వార్తను మనమందరం చదివినాము. మీలో పలువురు రేపు ఉన్నత విద్యకై ఆ దేశానికి వెళ్ళవలెనని ఆశించువారే. ఈ విషయం మనకు సంబంధించినది కాదని త్రోసిపుచ్చుటకు వీలు లేదు.

ఆ దేశపు లెక్కలను ఒక్కసారి చూడవలెను. అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రము 2023లో ప్రకటించిన నివేదిక ప్రకారము, 2003 నుండి 2021 వరకు వారు పరిశీలించిన రాష్ట్రాలలో అనుకోకుండా తుపాకి పేలి మరణించిన 18 సంవత్సరాలలోపు పిల్లలు 1,262 మంది. ఈ మరణాలలో 85 శాతము ఇండ్లలోనే జరిగినవి. తుపాకిని ఎట్లు ఉంచినదీ తెలిసిన సందర్భాలను చూస్తే, సుమారు నాలుగింట మూడు వంతులలో అందులో గుండు నింపియే ఉన్నది, తాళం వేసి లేదు. ఎక్కువగా అది పిల్లల చేతికి వచ్చినది మంచము ప్రక్క బల్ల సొరుగు నుండి, పడుకొనే చోటు నుండి. అంటే ఇంటిని కాపాడుటకని తలాపున పెట్టుకొన్న వస్తువే ఆ ఇంటి బిడ్డను తీసికొనిపోయినది.

ఇక చట్టం ఏమంటున్నదో చూద్దాము. 1860 నాటి భారత శిక్షాస్మృతి 80వ సెక్షనులో 'ప్రమాదము' అనే రక్షణ ఉన్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదియే 18వ సెక్షను. అయితే ఆ రక్షణ ఊరక దొరకదు. చేసిన పని చట్టబద్ధమైనదై ఉండవలెను. చట్టబద్ధమైన రీతిలో, చట్టబద్ధమైన సాధనంతో చేసినదై ఉండవలెను. నేరపూరితమైన ఉద్దేశం ఉండరాదు. అన్నిటికంటె ముఖ్యంగా తగిన జాగ్రత్త తీసికొని ఉండవలెను. శాసనకర్తలు దీనికి ఇచ్చిన ఉదాహరణ గొడ్డలిది. ఒకడు గొడ్డలితో పనిచేయుచుండగా దాని తల ఊడి ఎగిరి ప్రక్కనున్నవానికి తగిలి అతడు మరణిస్తే, పనిచేయువాని జాగ్రత్తలో లోపం లేనప్పుడు అది నేరము కాదు. లోపం ఉంటే? అప్పుడు పాత స్మృతిలోని 304-ఏ సెక్షను వర్తిస్తుంది. ఈ సెక్షను మొదటి స్మృతిలో లేదు, 1870లో చేర్చినారు. దుడుకుతనంతో గాని నిర్లక్ష్యంతో గాని ప్రాణం తీసినవానికి అందులో గరిష్ఠ శిక్ష రెండేండ్లు. కొత్త సంహిత 106వ సెక్షనులో దానిని అయిదేండ్లకు పెంచినారు. కాబట్టి చట్టం దృష్టిలో 'ప్రమాదము' అనే మాట విచారణకు ముగింపు కాదు. అది విచారణకు మొదటి వాక్యము.

'పొరపాటున పేలినది' అనే వాదాన్ని సుప్రీంకోర్టు ఎంత నిశితంగా పరీక్షించగలదో తెలియవలెనంటే నానావతి కేసును చదువవలెను. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నౌకాదళాధికారి నానావతి తన భార్యతో సంబంధం పెట్టుకొన్న వ్యక్తి ఇంటికి వెళ్ళినాడు. ఆ వ్యక్తి అప్పుడే స్నానం చేసి తువ్వాలు చుట్టుకొని పడకగదిలో ఉన్నాడు. మూడు గుండ్లు పేలినవి. పెనుగులాటలో రివాల్వరు తనంతట పేలినదని నానావతి వాదము. జ్యూరీ ఎనిమిదిమంది అతనిని నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. హైకోర్టు దానిని త్రోసిపుచ్చి యావజ్జీవ శిక్ష విధించగా, 1961 నవంబరులో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచినది. అంత పెనుగులాట జరిగితే మృతుని నడుముకున్న తువ్వాలు చెదరకుండా ఎట్లున్నదనే చిన్న ప్రశ్న ఆ వాదాన్ని కూల్చివేసినది. ఆ తీర్పులో మనకు కావలసిన సూత్రం ఒకటున్నది: ప్రమాదము అని చెప్పి రక్షణ కోరువాడే అది ప్రమాదమని చూపవలెను. ఈ కథతో సినిమాలు వచ్చినవి, మనవారు చూచినారు. కాని సినిమాలో ఆ తువ్వాలును గుర్తుంచుకొనేవారు తక్కువ.

దక్షిణాఫ్రికాలో 2013 ఫిబ్రవరి 14న పరుగుపందెగాడు పిస్టోరియస్ తన ఇంటిలో, మూసి ఉన్న తలుపు గుండా నాలుగు గుండ్లు కాల్చినాడు. తలుపు వెనుకనున్నది అతని ప్రియురాలు. దొంగ అనుకొన్నానని అతడు చెప్పినాడు. మొదటి కోర్టు నిర్లక్ష్యపు మరణంగా భావించి అయిదేండ్ల శిక్ష వేసినది. అప్పీలు కోర్టు 2015లో దానిని హత్యగా మార్చినది. తలుపు వెనుకనున్నది ఎవరైనను, అంత చిన్న గదిలోనికి కాల్చినవాడు ప్రాణం పోవునని ఎరిగియే కాల్చినాడు అన్నది దాని తర్కము. 2017లో శిక్ష 13 సంవత్సరాల 5 నెలలకు పెరిగినది. చీకటిలో అలికిడి కాగానే కాల్చేవారికి ఈ తీర్పు ఎంతో కొంత తెలిసి ఉండవలెను.

నాలుగు గోడల మధ్య జరిగినదానిని చట్టం తరచి చూడవలసిన అవసరం మనకు క్రొత్త కాదు. 1980 ప్రాంతాలలో 'స్టవ్వు పేలి కోడలు మృతి' అనే వార్త దినపత్రికలలో ఎంత సామాన్యమైపోయినదో పెద్దలకు జ్ఞాపకముండును. స్టవ్వు పేలినప్పుడల్లా కోడలే ఎందుకు చనిపోతున్నది, అత్తగారెందుకు చనిపోవుట లేదు అని మహిళాసంఘాలు అడిగిన తరువాతనే ప్రభుత్వం మేల్కొన్నది. 1983లో 498-ఏ సెక్షను, 1986లో 304-బి సెక్షను వచ్చినవి. వివాహమైన 7 సంవత్సరాలలోపు స్త్రీ అనుమానాస్పదంగా మరణిస్తే శవపరీక్ష జరిపించవలెనన్న నియమమూ 1983లోనే వచ్చినది. ఇంటి లోపల జరిగిన మరణానికి ఆ ఇంటివారే వివరణ చెప్పుకోవలెనని సుప్రీంకోర్టు 2006లో ఒక కేసులో స్పష్టంగా పలికినది. స్టవ్వు విషయంలో నేర్చుకొన్న పాఠాన్ని తుపాకి విషయంలో మరచిపోవుటకు కారణం మాకు కనిపించుట లేదు. నిజమైన ప్రమాదము, ప్రమాదపు ముసుగు వేసికొన్న హత్య — రెండూ మొదటి గంటలో ఒకే విధంగా కనిపిస్తాయి. ప్రతి సందర్భంలోనూ పూర్తి విచారణ జరుగవలెననుటకు ఇది మొదటి కారణము.

రెండవ కారణము ఇంతకంటె కఠినమైనది. కుట్ర లేదు, కోపం లేదు, నిజంగానే ఏమరుపాటు. తండ్రి నింపి ఉంచిన తుపాకిని ఎనిమిదేండ్ల కొడుకు తీసి ఆడుకొనుచుండగా అది పేలి చెల్లెలు మరణించినది అనుకొందాము. ఇప్పుడు బాధ్యత ఎవరిది? ఏడేండ్ల లోపు పిల్లలు ఏమి చేసినను చట్టం దృష్టిలో అది నేరము కాదు. ఏడు నుండి పన్నెండేండ్ల లోపువారికి తమ పని పర్యవసానము తెలిసే పరిపక్వత లేకపోతే వారికీ అదే రక్షణ ఉన్నది. అది న్యాయమే. మరి తండ్రి? ఇక్కడ మన న్యాయస్థానాల మార్గంలో ఒక చిక్కు ఉన్నది. బొంబాయిలోని ఒక రంగుల కర్మాగారంలో వార్నిషు, టర్పెంటైను నిలువ ఉంచిన గదిలోనే మంట పొయ్యిలు వెలిగించుటకు యజమాని అనుమతించినాడు. ఒక పనివాడు మరుగుచున్న పదార్థంలో టర్పెంటైను కలుపుచుండగా మంటలు లేచి ఏడుగురు మరణించినారు. 1964లో నడచిన కుర్బాన్ హుసేన్ కేసు ఇది. యజమాని నిర్లక్ష్యము ఉన్నదని సుప్రీంకోర్టు ఒప్పుకొన్నది. నిప్పు విషయంలో అజాగ్రత్తకు అతనికి పడిన శిక్షను నిలబెట్టినది. కాని మరణాలకు తక్షణ కారణము ఆ పనివాని తొందరపాటే గనుక 304-ఏ క్రింద యజమాని దోషి కాడన్నది. ఈ తర్కాన్ని మన ఉదాహరణకు అన్వయించి చూడండి. తుపాకి నింపినది తండ్రి, తాళం వేయనిది తండ్రి. అయినను తక్షణ కారణము మీట నొక్కిన పసిచేయి అని న్యాయవాది వాదించగలడు. నేరము మోయలేని పిల్లవానికి కారణము అంటగట్టి, మోయగల పెద్దవానిని విడిచిపెట్టే మార్గమొకటి అక్కడ తెరచి ఉన్నది.

ఈ చిక్కును పూర్వపు న్యాయవేత్తలు ఎట్లు చూచినారో తెలిసికొనుట అప్రస్తుతము కాదు. కంపెనీవారి పాలన తొలిదశలో బెంగాలు మొదలైన చోట్ల నేరవిచారణ ఇస్లామీయ ధర్మశాస్త్రాన్ని అనుసరించియే జరిగేది. 1862 జనవరి 1 నుండి శిక్షాస్మృతి అమలులోనికి వచ్చి దానిని తొలగించినది గనుక దీనిని ఈనాటి నేరచట్టంగా కాక ఆలోచనగానే పాఠకులు గ్రహించవలెను. పొరపాటున జరిగిన ప్రాణహాని, అనగా ఖత్లె ఖతా, విషయంలో ఖురాను నిసా అధ్యాయం 92వ వాక్యము రెండు వేర్వేరు బాధ్యతలను నిర్దేశిస్తుంది. మృతుని వారసులకు ఇచ్చే పరిహారము దియత్. వారు కావలెనంటే దానిని విడిచిపెట్టవచ్చును. దైవము ఎదుట చేసికొనే ప్రాయశ్చిత్తము కఫ్ఫారా. బానిసకు విముక్తి, అది సాధ్యము కానివారికి వరుసగా రెండు నెలల ఉపవాసము. వారసులు క్షమించినను రెండవది తొలగదు. హనఫీ పండితులు ఇంకొక సూక్ష్మాన్ని కూడా విడదీసినారు. నిద్రలో దొర్లి ప్రక్కనున్న శిశువును ఒత్తి చంపినవారిది ఒక తరగతి. బాటలో గోయి త్రవ్వి విడిచిపెట్టగా అందులో ఎవరో పడి మరణిస్తే, త్రవ్వినవానిది మరొక తరగతి. అతడు ఎవరినీ తాకలేదు, ఆ సమయంలో అక్కడ లేనే లేడు. అయినను కారకుడు అతడే గనుక దియత్ బాధ్యత అతని పక్షానిదే. తుపాకిని నింపి దిండు క్రింద పెట్టి బజారుకు వెళ్ళిన తండ్రి ఈ గోయి త్రవ్వినవాడే కదా!

అయితే తన సొంత భూమిలో గోయి త్రవ్వినవానిపై బాధ్యత లేదని కూడా ఆ పండితులే అన్నారు. ఇల్లు సొంతము, తుపాకి సొంతము, లైసెన్సు సొంతము. ఇక అడిగేదెవరు అని ఒకరు వాదించవచ్చును. మేము ఇట్లు తలుస్తాము: పెద్దవారికి ఇల్లు సొంత భూమి కావచ్చును గాని, పసివానికి ఇల్లే రహదారి. ప్రాకుట నేర్చిననాటి నుండి అతడు తిరుగాడే బాట అదొక్కటే. ఆ బాటలో త్రవ్విన గోయి సొంత భూమిలోనిదని చెప్పుట చెల్లదు.

వారసత్వ విషయంలో ఈ ఆలోచన ఇప్పటికీ మన దేశంలో సజీవంగా ఉన్నది. హనఫీ ధర్మము అనుసరించే కుటుంబాలలో, పొరపాటున అయినను ఒకని మరణానికి స్వహస్తంతో కారకుడైనవాడు ఆ మృతుని ఆస్తికి వారసుడు కాజాలడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 25వ సెక్షను హత్య చేసినవానిని, అందుకు తోడ్పడినవానిని మాత్రమే తప్పించినది. ఏమరుపాటు దాని పరిధిలోనికి రాదు. రెండింటిలో ఏది మేలైనదన్న చర్చను న్యాయశాస్త్ర విద్యార్థులకు విడిచిపెడుతున్నాము.

ఇప్పుడు అసలైన ఆక్షేపణకు వద్దాము. బిడ్డను పోగొట్టుకొన్న తండ్రికి కడుపుకోతకు మించిన శిక్ష ఏమున్నది? అతనిని కోర్టుకు ఈడ్చుట గోరుచుట్టు మీద రోకటిపోటు కాదా? ఈ మాటలో కరుణ ఉన్నది. దానిని తేలికగా త్రోసివేయువారితో మేము ఏకీభవించము. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రము ఈ చిక్కును ఎదుర్కొన్న తీరు గమనింపదగినది. 1989 జూన్‌లో కొద్ది రోజుల వ్యవధిలో ఆ రాష్ట్రంలో వరుసగా పలువురు పిల్లలు ఇండ్లలో దొరికిన తుపాకుల వల్ల గుండు దెబ్బలు తినగా, అక్కడి శాసనసభ వెంటనే చట్టం చేసినది. ఆ దేశంలో ఇటువంటి చట్టాలలో అది మొదటిది. పిల్లలకు అందే చోట నింపిన తుపాకిని ఉంచుట నేరము; దానివలన మరణము గాని గాయము గాని సంభవిస్తే అది తీవ్రమైన నేరము; తుపాకి అమ్మే అంగడి ఈ హెచ్చరికను పెద్ద అక్షరాలతో ప్రదర్శించవలెను. అయితే అందులోనే మరొక నిబంధన చేర్చినారు. కుటుంబంలోని వారి వలననే పిల్లవానికి పొరపాటున గుండు తగిలితే, ఆ నేరానికి ఏడు రోజులు గడిచేవరకు ఎవరినీ అరెస్టు చేయరాదు. పోలీసువారు సాక్ష్యం సేకరించి ప్రభుత్వ న్యాయవాదికి పంపవలెను. ఆయన నిదానంగా ఆలోచించి నిర్ణయించవలెను. కాలిఫోర్నియా చట్టమూ ఇంచుమించు ఇదే త్రోవ త్రొక్కి, బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులపై ఘోరమైన నిర్లక్ష్యము ఉన్నప్పుడే అభియోగము మోపవలెనని, వారిపై ఆ మరణపు ప్రభావాన్ని లెక్కలోనికి తీసికోవలెనని చెప్పినది.

ఆ ఏడు రోజులలో మాకు గొప్ప వివేకము కనిపిస్తున్నది. బిడ్డను మట్టి చేయుటకు, ఏడ్చుటకు, నలుగురు వచ్చి పలుకరించుటకు కాలమిచ్చినారు. కాని విచారణను మాత్రం ఆపలేదు. మన వద్ద ఇది తలక్రిందులైనది. మొదటి రోజే ఠాణాలో కూర్చోబెట్టుట, ఊరిపెద్దలు వెళ్ళి మాట్లాడుట, ఆ తరువాత 'పాపం, వాళ్ళే పోగొట్టుకొన్నారు' అని అందరూ కలసి కాగితాలు మూసివేయుట! దుఃఖానికి గౌరవమూ దక్కదు, సత్యమూ బయటపడదు. దుఃఖము శిక్షను తగ్గించుటకు కారణము కావచ్చును. విచారణను మానుకొనుటకు కారణము కారాదు.

శిక్ష కఠినమైతే కుటుంబాలు నిజాన్ని దాచిపెడతాయన్న వాదము కూడా ఉన్నది. ఇది అనుభవజ్ఞుల మాట. తుపాకిని చోటు మార్చుట, 'బయట ఎవరో కాల్చినారు' అని చెప్పించుట, ఆసుపత్రికి తీసికొనిపోవుటలో ఆలస్యము చేయుట, ఇవన్నీ భయము వలన పుట్టేవే. అందుచేతనే అయిదేండ్ల జైలును అన్నిటికీ మందుగా మేము భావించుట లేదు. రామాయణంలో దశరథుడు ఏనుగు నీరు త్రాగుచున్న శబ్దమని భ్రమించి బాణము వేసి మునికుమారుని చంపిన ఘట్టము మీ అందరికీ తెలిసినదే. చీకటి, అడవి, సాక్షి లేడు. రాజు వెనుదిరిగి వెళ్ళిపోయి ఉంటే అడిగేవాడు లేడు. ఆయన నీటి కుండ తీసికొని ఆ గ్రుడ్డి తల్లిదండ్రుల వద్దకు నడచి, చంపినవాడను నేనే అని చెప్పినాడు. అట్లు నడచివచ్చి చెప్పినవానికి చట్టం కొంత దారి చూపవలెను: శిక్షలో మినహాయింపు, ప్రొబేషను, జీవితాంతము ఆయుధ నిషేధము. దాచినవానికి ఆ దారి మూసివేయవలెను.

అసలు మరణము సంభవించేవరకు చట్టం ఎందుకు వేచి ఉండవలెను? తన పశువును అదుపులో పెట్టక ఇతరులకు అపాయము కలుగజేయువానిని శిక్షించే సెక్షను పాత స్మృతిలో ఉన్నది (289), కొత్త సంహితలోనూ ఉన్నది (291). ఎద్దు ఎవరినైనా పొడిచేవరకు ఆగనక్కరలేదు, కట్టివేయకపోవుటయే తప్పు. పేలుడు పదార్థాలకు అటువంటి సెక్షనే వేరొకటి ఉన్నది. తుపాకిని పిల్లలకు అందే చోట ఉంచువాని గురించి మాత్రము ఆ స్మృతిలో పేరుపెట్టి చెప్పిన సెక్షను లేదు. 1959 నాటి ఆయుధ చట్టము క్రింద లైసెన్సు షరతులను ఉల్లంఘించినవానికి ఆరు నెలల వరకు జైలు గాని రెండు వేల రూపాయల వరకు జరిమానా గాని, లేక రెండూ గాని విధింపవచ్చును. ఈ రోజులలో రెండు వేలు ఒక కుటుంబము ఒక పూట హోటలు ఖర్చు. 2019లో ఆ చట్టాన్ని సవరించి, పెండ్లి ఊరేగింపులలో గాలిలోనికి కాల్చి అపాయము తెచ్చేవారికి రెండేండ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా వరకు పెట్టినారు. అది మంచి పనియే. బారాత్‌లో పేలిన తుపాకికి లక్ష, బీరువాలో పేలిన తుపాకికి రెండు వేలు అనుటలో ఔచిత్యము మాత్రము మాకు బోధపడుట లేదు.

ఎన్నికలు రాగానే లైసెన్సుదారులను తమ ఆయుధాలను ఠాణాలో అప్పగించమని కోరుట మన వద్ద ఆనవాయితీ. ఆ కొద్ది వారాలు ఎవరి తుపాకి ఎక్కడున్నదో అధికారులకు తెలియును. మిగిలిన కాలమంతా అది పరుపు క్రింద ఉన్నదా, ఇనుప పెట్టెలో ఉన్నదా అని అడిగే నాథుడు లేడు. లైసెన్సు 5 సంవత్సరాలకొకసారి పునరుద్ధరించే వేళ, భద్రపరచే పెట్టెను, తూటాలు వేరుగా ఉంచే చోటును చూపించమని కలెక్టరు గాని పోలీసు కమిషనరు గాని పట్టుబట్టవచ్చును. ఇందుకు పెద్ద ఖర్చు లేదు, కొత్త శాఖ అక్కరలేదు. ఎన్.సి.సి.లో చేరిన మన విద్యార్థులకు ఈ క్రమశిక్షణ తెలిసినదే. రైఫిలు చేతికి రాగానే ముందు అది ఖాళీగా ఉన్నదో లేదో చూచుకొనమని వారికి నేర్పుతారు. ఇరవై ఏండ్లు నిండని క్యాడెట్టు పాటించే నియమాన్ని యాభై ఏండ్ల లైసెన్సుదారుడు పాటించలేడా?

ఇంటిలోనికి చట్టం చొరబడరాదని అమెరికాలో కొందరు ఇప్పటికీ వాదిస్తారు. 2008లో హెల్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ఇంటిలోని తుపాకిని ఎల్లవేళలా విప్పియో తాళం వేసియో ఉంచమన్న రాజధాని నగర నిబంధనను కొట్టివేసినది. ఆత్మరక్షణకు అది అడ్డు అన్నది. కాని ప్రమాదాలను నివారించుటకు చేసే భద్రతా చట్టాలు చెల్లవని తాము అనుట లేదని అదే తీర్పులో చెప్పినది. ఆ దేశపు గాలి కూడా మారుచున్నది. మిచిగన్ రాష్ట్రంలో 2021లో పాఠశాలలో నలుగురు సహాధ్యాయులను కాల్చి చంపిన బాలుని తల్లిదండ్రులిద్దరినీ 2024లో వేర్వేరు జ్యూరీలు దోషులుగా తేల్చగా, ఒక్కొక్కరికి కనీసం 10 సంవత్సరాల శిక్ష పడినది. అది పొరపాటు కాదు, బుద్ధిపూర్వకమైన హత్య. అయినను ఇంటి తుపాకి కొడుకు చేతికి ఎట్లు చేరినదన్న ప్రశ్నకు పెద్దవారే జవాబు చెప్పవలసి వచ్చినది.

చివరగా ఆ ఎనిమిదేండ్ల పిల్లవానిని గురించి. పెద్దలు దయతో కాగితాలు మూసివేయించినప్పుడు అతనిని ఎవరూ తలచుకోరు. అతనిపై కేసు లేదు, కోర్టు లేదు. కాని ఇంటిలో, వీధిలో, బడిలో, పెండ్లి సంబంధాల వేళ కూడా 'చెల్లెలిని కాల్చినవాడు' అనే మాట అతని వెంట నడచివస్తుంది. తండ్రి తప్పును ఎవరూ పలుకనందువలన ఆ తప్పు మిగిలిన ఒకే ఒక్క చేతికి, అతని చేతికి, అంటుకొంటుంది. తల్లి కూడా కోపంలో ఒకనాడు ఆ మాట అనవచ్చును. కాబట్టి పంచనామా వ్రాసే అధికారి 'బాలుని చేతిలో తుపాకి ప్రమాదవశాత్తు పేలి' అని ప్రారంభింపరాదు. ఆ తుపాకి ఎవరిది, గుండు ఎవరు నింపినారు, ఎక్కడ ఉంచినారు, తాళమున్నదా, తాళపుచెవి ఎవరి వద్ద ఉన్నది అని వరుసగా వ్రాసి, ఆ తరువాతనే పిల్లవాని పేరుకు రావలెను. పెద్దవాడైన తరువాత అతడు ఆ కాగితపు నకలు తెప్పించుకొని చదువుకొంటే, మొదటి పంక్తిలో తన పేరు ఉండరాదు.